తెరమీది లెక్కలు, పలకమీది లెక్కలు

లెక్కలనిన జంకని పిల్లలు మన యిండ్లలో అరుదు. ఆ జంకును పోగొట్టుటకై యిప్పుడు రెండు సాధనములను ముందునకు దెచ్చుచున్నారు. ఒకటి ఆట, రెండవది వీడియో పాఠము. గోడమీది పెద్ద తెరలోనో చేతిలోని ఫోనులోనో బొమ్మలు కదలును, పాటలు వినవచ్చును, సరియైన జవాబునకు చప్పట్లు మ్రోగును. మెచ్చువారు ఉపాధ్యాయుల కొరత యిక తీరునందురు. మెచ్చనివారు పిల్లల కన్నులు చెడునందురు. మా కీ రెండు వాదములును తృప్తి కలిగించుట లేదు. ఉభయపక్షములవారును తెరను చూచుచున్నారు గాని తెరమీది గణితమును చూచుట లేదు. కావ్యవిమర్శ చేయబూనినవాడు పుస్తకపు అట్టరంగును గూర్చి తగవులాడినట్లున్నది. ఈ ఆటలను, ఈ పాఠములను గణితగ్రంథములుగానే యెంచి, వానిలో గణిత మెంత యున్నది, అది బాలుని పలకమీదికి చేరుట యెట్లు అని విచారింప దలచితిమి.

మా దృష్టి ముఖ్యముగా జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలమీద నున్నది. ఈ మూడును 2016 అక్టోబరు 11వ తేదీన, చాలవరకు పూర్వపు వరంగల్లు జిల్లానుండి, వేరు జిల్లాలైనవి. భూపాలపల్లినుండి 2019లో ములుగు మరల వేరైనది. ఒకే జిల్లాగా నున్న సీమయే యైనను ఇంటింటి లెక్కలు వేరు. జనగామ మెట్టపొలముల సీమ. అచ్చటి పెంబర్తి గ్రామమున ఇత్తడి రేకుమీద పూవు తీర్చు పనివాడు వృత్తమును సరిభాగములు చేయక తప్పదు. మహబూబాబాదు తండాలలో మిరపకాయల బస్తాల తూకము, కూలీల పంపకము దినదినము జరుగును. భూపాలపల్లిలో బొగ్గుగనుల షిఫ్టులు, చెల్పూరు విద్యుత్కేంద్రపు కొలువులు. లెక్క లేని ఇల్లు ఒక్కటియు లేదు. అట్టి ఇండ్లనుండి వచ్చిన పిల్లలు బడిలో భాగహారమునకు తడబడుచున్నా రనిన, లోపము పిల్లల బుద్ధిలో నున్నదని తలచుట కంటె ఇంటి లెక్కకును బడి లెక్కకును నడుమ దారి లేదని తలచుట న్యాయము.

వీడియో పాఠములు మన బడిపిల్లలందరకును ఒక్కసారిగా తెలియవచ్చినది 2020లో. కోవిడు వ్యాధివలన మార్చి నెలలో బడులు మూతపడినవి. సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ వాహినులలో మూడవ తరగతినుండి పదవ తరగతివరకు పాఠములు ప్రసారము చేసిరి. ఆపత్కాలమున అది చేయదగిన పనియే. తలుపులు మూసిన బడికంటె తెర తెరిచిన బడి మేలు. కాని ఆ పాఠములను విమర్శకదృష్టితో చూచినవారికి ఒక సంగతి తోచకపోదు. తెరమీది ఉపాధ్యాయుడు లెక్క చేసి, "అర్థమైనదా పిల్లలూ?" అని అడుగును, ఒక్క క్షణమాగి, "సరే, తరువాతి లెక్క చూతము" అనును. ఆ యొక్క క్షణములో గూడూరు దగ్గర తండాలోని బాలిక "కాలేదు" అనినచో వినువా రెవ్వరు? తరగతిలో నున్న ఉపాధ్యాయుడైన ఆమె మొగము చూచి, ఒక మెట్టు దిగివచ్చి, చింతగింజలు పరచి మరల చెప్పగలడు. వీడియోకు నోరు కలదు, చెవి లేదు. ఇది ఆ ఉపాధ్యాయుల దోషము కాదు, ఆ సాధనపు స్వభావము. స్వభావ మెరిగి వాడుకొనినవారికి వీడియో మిక్కిలి యుపకారి. త్రిభుజమును కత్తిరించి మూడు కోణములను ఒక్క సరళరేఖమీద చేర్చి చూపుట, వృత్తమును సన్నని ముక్కలుగా కోసి దీర్ఘచతురస్రమువలె పేర్చుట మొదలైనవి నల్లబల్లమీది సుద్దముక్కకు కష్టములు, తెరకు సులభములు. అచ్చట తెరను వలదనుట మూఢత్వమే యగును. గుణకార పట్టికను పాటగా నూరుసార్లు వినిపించుటకు మాత్రము ఇన్ని వేల రూపాయల తెర యేల? ఆ పని పూర్వపు వీధిబడి పంతులుగారు బెత్తముతోనే సాధించిరి. బెత్తము పోయినందుకు సంతసింతము గాని, వల్లెవేయుట తెరమీది కెక్కినంతమాత్రమున కొత్త విద్య కాజాలదు.

ఉదాహరణముల సంగతి ఇంకను చెప్పవలసియున్నది. భిన్నములను నేర్పు వీడియోలలో పెక్కింట పిజ్జా యను రొట్టెను ఎనిమిది ముక్కలు చేయుదురు. పిజ్జా తప్పు గాదు. జొన్నరొట్టెను తుంచినను భిన్నము భిన్నమే. అయితే మన భాషలో భిన్నములకు ఎంత చక్కని పేర్లున్నవో ఆ పాఠములు చేసినవారికి స్ఫురించినట్లు లేదు. పాతికలో నాలుగవ వంతు వీసము, అనగా పదునారవ వంతు. రెండు వీసములు పరక, అనగా ఎనిమిదవ వంతు. నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక. అనగా మానికలో గిద్ద యనునది వీసము. 1956 నాటి తూనికల కొలతల చట్టముతో మెట్రిక్ పద్ధతి వచ్చుటచే ఈ కొలతలు బజారునుండి తొలగుచు వచ్చినవి. అయినను అవ్వల నోట నేటికిని వినబడుచున్నవి. నాలుగేసి వంతులుగా దిగు ఈ మెట్ల వరుసను చూచిన బాలునకు, పదేసి వంతులుగా దిగు దశాంశములను బోధించుట ఎంత సులభమో ఆలోచింపుడు.

మరియొక ఉదాహరణము దీనికంటెను విలువైనది. మన రైతుల పాసుపుస్తకములలో భూమి విస్తీర్ణము ఎకరములలోను గుంటలలోను ఉండును. ఎకరములకును గుంటలకును నడుమ ఒక చుక్క పెట్టి వ్రాయుట వాడుక. ఒక ఎకరము ఇరువదియైదు గుంటలు 1.25 అగును. అట్టి చెలకలు రెండున్న కుటుంబమున బడికి పోవు పిల్లవాడు దశాంశముల వీడియో చూచివచ్చి, రెండును కలిపి 2.50 అని చెప్పును. తండ్రి అక్షరము రానివాడైనను నవ్వి, "మూడెకరాల పది గుంటలు బిడ్డా" అనును. ఎకరమునకు నలుబది గుంటలు గనుక తండ్రి మాట నిజము, 3.10 అని వ్రాయవలెను. కొడుకు నేర్చిన విధమును నిజమే, కాని ఆ చుక్క దశాంశబిందువు కాదు. ఈ యొక్క లెక్కలో స్థానవిలువ, ఆధారసంఖ్య, భిన్నము, ప్రమాణముల మార్పు అన్నియు నున్నవి. పైగా భూమి తగవులలో తన తండ్రి మోసపోకుండ కాపాడు విద్యయు నున్నది. మేము చూచిన వీడియోలలో నెందును ఈ లెక్క కానరాలేదు. పదునొకండవ, పండ్రెండవ శతాబ్దుల నాటి పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. అంత పూర్వమే తెలుగువానికి గణితము తెలుగున కావలెనని తోచగా, నేటి పాఠకర్తలకు తోచకుండుట వింత.

ఇక ఆటలు. వీనిలో రెండు జాతులున్నవి. ఈ భేదమును తల్లిదండ్రులు గుర్తించుట మిగుల నవసరము. మొదటి జాతి ఆటలో గణితము సుంకపు గేటువంటిది. బండి పరుగెత్తుచుండును, నడుమ నొక కూడిక అడ్డు వచ్చును, జవాబు నొక్కిన బండి మరల పరుగెత్తును. పిల్లవానికి కావలసినది బండి. కూడిక వాని కడ్డము. చేదు మాత్రకు బెల్లపు పూత పూసినట్లే, వాడు బెల్లము నాకి మాత్ర నుమియును. నాలుగు జవాబులలో నొకటి యెంచుకొమ్మనిన ఆటలో కన్నులు మూసికొని నొక్కినవానికి కూడ ఇరువదింట సుమారైదు సరియగును. ఆ అయిదింటికిని నాణెములు, నక్షత్రములు, చప్పట్లు లభించును. గడియారము తరుముచుండుటచే ఆలోచించువాడు వెనుకబడును, తొందరపడువాడు గెలుచును. ఇట్టి ఆట గణితమునకు మిత్రమా, శత్రువా?

రెండవ జాతి ఆటలో గణితమే ఆట. దీనికి ఉదాహరణము వెదకుటకు దూరము పోనక్కరలేదు. మన స్త్రీలు తరతరములుగా నాడుచున్న వామనగుంటలను చూడుడు. రెండు వరుసల పదునాలుగు గుంటలు. ఒక్కొక్క గుంటలో ఐదేసి చింతగింజలు వేసిన మొత్తము డెబ్బది. ఒక గుంటలోని గింజలను తీసి, తరువాతి గుంటలనుండి ఒక్కొక్కటిగా వేయుచు పోవలెను. పదునాలుగు గింజలు తీసినచో చివరి గింజ బయలుదేరిన గుంటలోనే పడును. పదియేడు తీసినచో మూడు గుంటల ముందుకు చేరును. ఇది భాగహారశేషము గాక మరేమి? ఆడు బాలిక శేషమను పేరు వినలేదు గాని, ఎన్ని గింజలు తీసిన చివరిది ఖాళీ గుంట ముందర నిలుచునో చూపుతోనే తేల్చును. అచ్చట చప్పట్లు లేవు. సరిగా లెక్కించినందుకు బహుమానము ఎదుటివారి గింజలే. పరమపదసోపానము, అష్టాచెమ్మా, పులిమేక మొదలైనవానిని ఫోనుల తెరమీదికి తెచ్చిన వారున్నారు. తెరయే గింజలను పంచి, తెరయే లెక్కించి, తెరయే చివరి గుంటను వెలిగించి చూపినచో, పిల్ల చేయవలసిన గణితమంతయు యంత్రమే చేసినదగును. అట్టి అనువాదములో మూలము చచ్చినది.

అట్లని వామనగుంటలు ఆడించిన చాలును, లెక్కలు వాటంతట అవియే వచ్చుననువారి పక్షమున మేము చేరజాలము. ఢిల్లీలోని బాలబడులలో సుమారు 1,500 మంది చిన్నపిల్లలకు పరిమాణములను, ఆకృతులను పోల్చు ఆటలను కొన్ని నెలలు ఆడించి, పండితులు పరీక్షించిరి. ఆ ఫలితములు 2017లో సైన్స్ పత్రికలో వెలువడినవి. చూపుతో ఎక్కువ తక్కువలు తెలిసికొను శక్తి ఆ పిల్లలకు పెరిగినది, సంవత్సరము దాటినను నిలిచినది. కాని బడిలో నేర్పు అంకెల లెక్కలలో మాత్రము వారు ఇతరులకంటె మెరుగుపడలేదు. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన మరియొక పరిశోధన ఇంతకంటె కన్ను తెరిపించునట్టిది. కలకత్తా, ఢిల్లీ బజారులలో కూరగాయలు మొదలగునవి అమ్ము పిల్లలు, ఇంత తూకమున కింత ధర, ఇంత చిల్లర అని నోటిలెక్కను తడువుకొనక చెప్పిరి. అవే లెక్కలను బడి పద్ధతిని కాగితముమీద నిచ్చిన తడబడిరి. బడిపిల్లలకో, కాగితపు లెక్క కొంత వచ్చినను, బజారు లెక్క రాలేదు. ఒక తీరమున నేర్చినది రెండవ తీరమునకు తనంతట ఈదిరాదని దీనివలన స్పష్టమగుచున్నది. ఆట ముగిసిన పిమ్మట "ఇప్పుడు నీవు చేసినదానిని పలకమీద వ్రాయుము" అని అడుగు మనిషి కావలెను. పదియేడు, పదునాలుగు, మూడు అను మూడంకెలను భాగహారరూపమున వ్రాయించు అయిదు నిమిషములలోనే ఆట విద్యగా మారుచున్నది. ఆ అయిదు నిమిషములు ఏ తెరయందును లేవు.

యంత్రములను గూర్చియు మన దేశముననే మంచి పరీక్షలు జరిగినవి. వడోదర నగరపు పురపాలక బడులలో నాలుగవ తరగతి పిల్లలకు వారమునకు రెండు గంటలు కంప్యూటరుమీద లెక్కల ఆటలు ఆడించిరి. లెక్కలలో మంచి వృద్ధి కనబడినది. ఆటలు మానిన సంవత్సరమునకు ఆ వృద్ధిలో చాలభాగము కరిగిపోయినది. ఈ సంగతులు 2007లో ప్రకటితములు. గుజరాతులోనే జ్ఞానశాల బడులలో లీ లిండెన్ అను అర్థశాస్త్రజ్ఞుడు చేసిన పరిశీలన మన అధికారులు గోడమీద వ్రాసికొనదగినది. ఒకే కంప్యూటరు పాఠమును కొన్ని బడులలో ఉపాధ్యాయుని పాఠమునకు బదులుగా పెట్టిరి. మరికొన్నింట బడి వేళకు వెలుపల అదనముగా పెట్టిరి. అదనముగా పెట్టినచోట లెక్కలు మెరుగైనవి, వెనుకబడిన పిల్లలకు మరింత లాభించినవి. బదులుగా పెట్టినచోట పిల్లలు ఆ యంత్రము లేనివారికంటె తక్కువ నేర్చుకొనిరి. యంత్రమొకటే, లెక్కలవే. ఉపాధ్యాయుని స్థానమును అది ఆక్రమించినదా, ఆయన చేతికి ఊతగా నిలిచినదా యనుటలోనే ఫలము తలక్రిందులైనది.

ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అను సాధనమును బడి విడిచిన పిమ్మట నాలుగున్నర నెలలు వాడిన పిల్లలు గణితమున చక్కగా పుంజుకొనిరని 2019లో ప్రకటింపబడినది. దాని రహస్యము బొమ్మలలో లేదు. ఆరవ తరగతి పిల్లవాడు నిజముగా మూడవ తరగతి మెట్టుమీదనో నాలుగవ మెట్టుమీదనో ఉన్నాడని ఆ యంత్రము ముందుగా కనిపెట్టి, అచ్చటనుండియే లెక్కల నిచ్చినది. అచ్చటను సగము కాలము ఒక సహాయకుని యెదుట కొద్దిమంది పిల్లలు కూర్చుండి నేర్చుకొనిరి. మెట్టు తెలియుట యెంత ముఖ్యమో 2024 అసర్ నివేదిక చెప్పుచున్నది. దేశమున పల్లెలలో మూడవ తరగతి పిల్లలు నూటికి 33.7 మంది మాత్రమే తీసివేత చేయగలిగిరి. ఐదవ తరగతిలో భాగహారము చేయగలిగినవారు 30.7 మంది, ఎనిమిదవ తరగతిలో 45.8 మంది. ఎనిమిదవ తరగతి గదిలో బీజగణితపు వీడియో ఎంత సొగసుగా నడచినను, భాగహారము రాని సగముమందికి పైగా పిల్లలకు అది రంగుల బొమ్మయే. తెలంగాణమున 2022 ఆగస్టులో మొదలిడిన 'తొలిమెట్టు' కార్యక్రమము ఈ మెట్టును వెదకు యత్నమే గనుక దానిని మేము మెచ్చుకొనుచున్నాము. 2025 జూలైలో విద్యాశాఖవారు ఎక్‌స్టెప్, ఖాన్ అకాడమీ మొదలగు సంస్థలతో ఒడంబడికలు చేసికొనిరి. కృత్రిమమేధ సాధనములును, వీడియో పాఠములును బడులకు వచ్చుచున్నవి. వానిని బదులుగా పెట్టుదురో, అదనముగా పెట్టుదురో ప్రతి గ్రామమున తల్లిదండ్రులు అడిగి తెలిసికొనవలెను. లెక్కల ఉపాధ్యాయుని ఖాళీ నింపకుండ తెరను తగిలించుటకు ఎవ్వరును సమ్మతింపరాదు.

భాష సంగతి యొకటి మిగిలియున్నది. 2022-23 విద్యాసంవత్సరమునుండి ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతివరకు ప్రభుత్వపు బడులలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టి, ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లముగా పుస్తకములను అచ్చువేసిరి. ఇది మంచి యుపాయమే. వీడియోకు ఎదుటి పుట లేదు. మహబూబాబాదు తండాలోని బిడ్డ ఇంటిలో లంబాడీభాషలో "తీన్, చార్" అని లెక్కించును, వీధిలో మూడు నాలుగనును, బడిలో త్రీ, ఫోర్ అనును. కొత్తగూడ, గంగారము మండలములలో కోయభాష గలదు. తెలుగున ఇరువది ఒకటి యనిన ఇరువదియు ఒకటియు వినబడును, స్థానవిలువ మాటలోనే యున్నది. పదునొకటి యనినను అంతే. ఆంగ్లపు 'ఎలెవెన్' లో పదియు లేదు, ఒకటియు లేదు. పసితనపు లెక్కల వీడియోను ఏ భాషలో చూపవలెనో నిర్ణయించునపుడు ఈ చిన్న భేదమును గమనించినవారు తక్కువ. ఇంటి మాటలో ఒకసారి, బడి మాటలో ఒకసారి ఆపి చెప్పుటకు మరల ఆ ఉపాధ్యాయుడే దిక్కు. ఆయనకు లంబాడీ రానిచో ఐదవ తరగతి పిల్ల ఒకటవ తరగతి పిల్లకు చెప్పవచ్చును. అట్లు చెప్పుటవలన పెద్దపిల్లకును లెక్క గట్టిపడును.

మన యింటి సంగతియు చూతము. ఫోను ఎవరి చేతిలో నున్నది? ఫోను వాడనేర్చిన పదునాలుగు మొదలు పదునారేండ్లవరకు గల పిల్లలలో సొంత ఫోనున్న బాలురు నూటికి 36.2 మంది, బాలికలు 26.9 మంది అని అదే నివేదిక తెలుపుచున్నది. అంతకుముందటి వారములో చదువు నిమిత్తము ఫోను వాడినవారు నూటికి 57 మంది. స్నేహమాధ్యమములకై వాడినవారు 76 మంది. ఇంటిలో ఒక్కటే ఫోనున్నచోట సాయంకాలము అన్నకు అది "చదువు" నిమిత్తము దక్కును. చెల్లెలికి అంట్లు దక్కును. బడిలో పాఠమును ఫోనుకు అప్పగించినచో ఆమె గణితమును అన్నగారి దయకు అప్పగించినట్లగును. చదువుకొన్న గృహిణులు ఈ విషయమున తమ యింటిని తామే దిద్దుకొనగలరు. దీనికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు.

ఫోనులేని యింటిలోను ఆడదగిన ఆట యొకదానిని చెప్పెదము. అష్టాచెమ్మా యాటకు నాలుగు గవ్వలు చాలును. నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, నాలుగు. నాలుగును బోర్లపడిన అష్ట, ఎనిమిది. గవ్వ రెండు విధములుగానే పడును గనుక నాలుగు గవ్వలు పడు విధములు పదునారు. అందు ఒక్కటి వెల్లకిలయగు విధములు నాలుగు, రెండగునవి ఆరు, మూడగునవి నాలుగు. చెమ్మకు ఒకటి, అష్టకు ఒకటి. ఇది గవ్వ నాణెమువలె సరిసమానమైనదైన మాట. నిజముగా గవ్వకు ఒకవైపు గుబ్బ, ఒకవైపు నోరు. కావున అది రెండు వైపులను సమముగా పడునా? పిల్లలచేత నూరుమార్లు వేయించి, పడిన ప్రతిమారును పలకమీద గీతలు గీయించి, చెమ్మలెన్ని, అష్టలెన్ని యని లెక్కపెట్టింపుడు. అష్ట ఎక్కువ పడినదా, చెమ్మ ఎక్కువ పడినదా? ఏది తరుచో అది ఏల తరుచు? పదవ తరగతి సంభావ్యత పాఠము చెప్పు వీడియో ఈ ప్రశ్నకు జవాబీయజాలదు. ఆ యింటి గవ్వలను అది యెన్నడును చూడలేదు.